కదిలే నేలకు పిల్లనిస్తారా

కాగజ్‌నగర్ అవతల అడవి అంచున బెంగాలీ వాళ్ళ ఊళ్ళున్నాయని, పెళ్ళయి గోదావరిఖనికి వచ్చిన కొత్తలోనే విన్నాను. చూడాలని మాత్రం ఎన్నడూ అనిపించలేదు. మా శ్రీకాంత్ దోస్తుకు కాలు విరగకపోతే ఈ జన్మలో ఆ దారి పట్టేదాన్నే కాదు.

శ్రీకాంత్ మా ఒక్కగానొక్క కొడుకు. నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడుపుతాడు. కాలు విరిగిన దోస్తును చూడటానికి మంచిర్యాలలో ఒక దవాఖానకు పోయి, దోస్తు సంగతి మరిచి నర్సును చూసి వచ్చాడు. ఆ పిల్ల పేరు మౌమిత. ఈస్గాం దగ్గర బెంగాలీ క్యాంపులో పుట్టింది. పేరు ఒక్కటే బెంగాలీ, మాట మాత్రం నా కంటే ఘాటు తెలంగాణ.

వాళ్ళింట్లో అందరూ సరే అన్నారు, ఒక్క నాయనమ్మ తప్ప. ఆ ఇంట్లో ఆమె మాట దాటి పెళ్ళి జరగదట. ఇంతకు ముందే ఒక సంబంధాన్ని వెనక్కి పంపింది. కారణం ఏమిటంటే ఆ పిల్లవాడి ఇల్లు వాగు ఒడ్డున ఉంది. "కోతకు పోయే నేలకు పిల్లనియ్య" అన్నదట.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. ఎందుకంటే మా అత్తగారి ఊరు ఇప్పుడు ఓపెన్‌కాస్టు గుంత. ఇల్లు, బావి, మొహర్రం పీరీల కొట్టం, అన్నీ అందులోకే పోయాయి. మేముండేది కంపెనీ క్వార్టర్. మా ఆయన రిటైర్ కాగానే అదీ ఖాళీ చెయ్యాలి. ఊరికి బదులుగా పునరావాస కాలనీలో ఇచ్చిన ఒక ప్లాటు మాత్రం మాకుంది. అందులో సర్కారు తుమ్మ తప్ప ఏమీ మొలవలేదు. వాగు ఒడ్డునే వద్దన్న మనిషి మమ్మల్ని ఏమంటుంది?

రామగుండం స్టేషన్

శ్రీకాంత్‌కు డ్యూటీ. మేమిద్దరమే బయలుదేరాం. ఎండు కొబ్బరి కుడుకలు, చక్కెర, పండ్లు ఒక సంచిలో పెట్టుకున్నాం. రెండో సంచి మా ఆయన నన్ను ముట్టుకోనివ్వలేదు. షేర్ ఆటో గుంతలో పడ్డప్పుడల్లా అందులో గాజు చప్పుడు. వియ్యంకుడికి మర్యాద కోసం సీసా తీసుకెళ్తున్నాడని నాకు అర్థమైంది. మనవైపు అది లేకుండా సంబంధం మాట్లాడితే మాట్లాడినట్టే కాదు కదా.

ప్లాట్‌ఫారం మీద మా ఆయన ఓదెలు నాకు పాఠం చెప్పాడు.

"ఇగో, ఆడికి పోయినంక గుంత ముచ్చట తియ్యకు. బ్లాస్టింగ్ ముచ్చట అసలే తియ్యకు."

"మరి అడిగితే?"

"జాగ ఉన్నది, ఇల్లు కడుతున్నం అను. ఏం ఫికర్ లేదను."

ఇది ఆయన ఊతపదం. భూమి లోపల గని కప్పు కూలిన రోజు కూడా బయటికి వచ్చి నాతో అదే మాటన్నాడు. గని మనుషుల పెళ్ళాలకు ఆ మాట మీద నమ్మకముండదు, కానీ అది వినకపోతే అన్నం సహించదు.

రైల్లో

ప్యాసింజర్ గోదావరి మీదికి ఎక్కగానే రూపాయి బిళ్ళ విసిరి దండం పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషి నవ్వాడు. నలభై దాటి ఉంటాయి, పెద్ద అట్టపెట్టెకు తాళ్ళు బిగించి కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. గల్ఫ్ నుంచి వస్తున్నాడు. పది రూపాయల పల్లీ పొట్లం విప్పి మా ముందు పెట్టి, తనే ముచ్చట మొదలుపెట్టాడు.

"మా లేబర్ క్యాంపు మీదికెళ్ళి మిసైళ్ళు పొయ్యేటియి అక్కా. కొట్లాట వేరే రెండు దేశాలది. నడుమనున్న ఆకాశం మాది."

"భయం కాలేదా?"

"మొదటి రోజు అయింది. రెండో రోజు సెల్ఫీలు దిగినం. మూడో రోజు విమానాలు బంద్ అన్నరు, అప్పుడు మళ్ళ భయమైంది."

"మరి మళ్ళీ పోతవా తమ్మీ?"

"పోక? ఆ దేశపోళ్ళు కొట్లాట ఆపి సుల్లు చేసుకుంటే నేను పోతా. వాళ్ళ కొట్లాట వాళ్ళకు, ఇక్కడ నా ఇల్లు సగంల ఆగె."

మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, మన దగ్గరా అంతే అన్నాడు. మా ఊరి కింద బొగ్గుందని తాతల నాటి నుంచి అందరికీ తెలుసు. తీద్దాం, చూద్దాం అంటూ ఏళ్ళు గడిచాయి. ఎక్కడో యుద్ధం వచ్చి బయటి దేశాల బొగ్గు పిరమైందన్నారు, ఇక్కడి బొగ్గు మీద తొందర పెరిగిందన్నారు. ఆ తొందరలోనే మా వాకిట్లో కొలత రాళ్ళు పాతారు. ఆ యుద్ధం చేసేవాళ్ళకు మా ఊరి పేరు తెలుసా? మాకూ వాళ్ళ ఊళ్ళ పేర్లు తెలియవు.

బెల్లంపల్లి దాటాక అడవి గాలి తగిలింది. అట్టపెట్టె మనిషి నిద్రపోయాడు. నాకు మాత్రం కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉంది.

నంబర్ల ఊళ్ళు

కాగజ్‌నగర్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఏ ఊరని అడిగితే పేరు కాదు, నంబర్ చెప్పాలట. బెంగాలీ వాళ్ళను తెచ్చి దింపినప్పుడు ఊళ్ళకు నంబర్లే వేశారు, అవే నిలిచిపోయాయి. నాకది కొత్తగా అనిపించలేదు. మా గోదావరిఖనిలోనూ గనికి నంబరే పేరు, ఆ గని పక్కన కాలనీకీ అదే. ఎవరైనా మనుషుల్ని తొందరగా ఒకచోట పెట్టాలనుకుంటే పేరు ఆలోచించే తీరిక ఉండదేమో.

మౌమిత వాళ్ళ నాన్న సుబల్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మెడలో తులసిపూసల దండ, అంటే సీసా ముట్టని మనిషి. అది చూడగానే మా ఆయన ముఖం మారింది, రెండో సంచిని వెనక్కి దాచాడు.

"ఆ సంచి ఇట్ల ఇయ్యి అన్నా, లోపల పెడ్త," అన్నాడు సుబల్.

"వద్దు వద్దు, మోకాళ్ళ నొప్పుల మందు. నేనే పెట్టుకుంట."

"మా దగ్గర గూడ శానమంది ఆ మందే తాగుతరన్నా," అన్నాడు సుబల్, ముఖంలో నవ్వు రానివ్వకుండా. ఆ సంచి మూడు రోజులూ మంచం కిందే ఉంది.

ఇల్లు మట్టి గోడలు, రేకులు, అద్దంలా అలికిన వాకిలి. మౌమిత తల్లి పూర్ణిమ చేతులకు తెల్లని శంఖు గాజులు. మనవైపు ఐదోతనానికి పచ్చ గాజులైతే, వాళ్ళకు ఇవి. టీతో పాటు గిన్నెడు మరమరాలు ఇచ్చారు. మధ్యాహ్నం అన్నంలోకి ఆవాలు నూరి పోసిన చేపల కూర. చింతపండు లేని చేపల పులుసు నేను మొదటిసారి తిన్నాను. మొదటి ముద్దకు ముక్కు మండింది, మూడో ముద్దకు చెయ్యి ఆగలేదు. పప్పులో చేప తలకాయ వేస్తారు, కూరగాయల్లో చక్కెర వేస్తారు. ఆ చక్కెర ఒక్కటే నాకు గొంతు దిగలేదు.

నాయనమ్మ మాతో తినలేదు. భర్త పోయినప్పటి నుంచి ఆమె చేప, ఉల్లిగడ్డ ముట్టదట. తెల్ల చీర కట్టుకుని వరండాలో చిన్న పీట మీద కూర్చుని, మేము తింటుంటే మమ్మల్నే చూసింది. తెలుగు వచ్చు. నాట్లకు వచ్చే మనవాళ్ళ పక్కన వంగి నేర్చుకున్న తెలుగు.

"మీ ఇల్లు ఎక్కడ?" ఇది ఆమె మొదటి మాట.

"జాగ ఉన్నదవ్వా, కట్టాలె. ఏం ఫికర్ లేదు," అన్నాడు మా ఆయన.

"నీళ్ళు?"

"ఏం ఫికర్ లేదు."

"పక్కకు నది ఉన్నదట?"

"అది దూరమవ్వా. ఏం ఫికర్ లేదు."

ఆమె తల ఊపలేదు. మేం తెచ్చిన కుడుకలు, చక్కెర అలాగే మూలన ఉండిపోయాయి. తీసుకుంటే మాట ఇచ్చినట్టని, సెలవు పెట్టి ఇంటికొచ్చిన మౌమిత ముందే చెప్పింది.

రెండో రోజు

పొద్దున సుబల్ మా ఆయనను కూరగాయల తోటకు తీసుకుపోయాడు. వంటింట్లో పూర్ణిమ పక్కన కూర్చుని నేను పెళ్ళి ఎలా చేస్తారని అడిగాను. మౌమిత కూర తరుగుతూ చెప్పింది.

"మా దాంట్ల పిలగాని తల్లి పెండ్లి చూడొద్దు ఆంటీ. ఇంట్లనే ఉండాలె."

"నా కొడుకు పెండ్లికి నేను రావద్దా? మరి మా దిక్కు చుట్టాలకు కూరలు సరిపోయినయా లేవా ఎవరు చూస్తరు?"

"అంకుల్ చూస్తడు."

"మీ అంకుల్ చూస్తే పెండ్లికూతురుకు గూడ కూర దొరకది."

పూర్ణిమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత తన పెద్ద కొడుకు సంగతి చెప్పింది. దూరాన ఏదో పట్నంలో తాపీ పనికి పోయాడు. అక్కడ బెంగాలీ మాట్లాడే వాళ్ళను నిలబెట్టి 'ఏ దేశమోనివి' అని అడుగుతున్నారట. పిల్లవాడు ఆధార్ చూపెట్టాడు, నమ్మలేదు. తెలుగులో మాట్లాడాడు, అప్పుడు ఇంకా అనుమానపడ్డారు. సరిహద్దు అవతల బంగ్లాదేశ్‌లో గద్దె తలకిందులైంది, దాని సెగ ఇక్కడి తాపీ మేస్త్రీకి తగిలింది. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ రోజు సంతకు పోయాడు.

ఆ మధ్యాహ్నమే అది జరిగింది. అన్నాలు తిని మేమంతా వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్నాం. మగవాళ్ళు తోట నుంచి వచ్చారు. నాయనమ్మ నాతో ఏదో అడుగుతోంది, నేను జవాబు చెబుతున్నాను. బయట రోడ్డు మీద ఏదో లారీ కంకర కుమ్మరించింది. ధన్ మని చప్పుడు.

మాట మధ్యలో లేచాను. రెండంగల్లో వంటింటి షెల్ఫు దగ్గరికి పోయి, రెండు చేతులూ చాచి గిన్నెలను గోడకు అదిమి పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని అదురు కోసం చూశాను. అదురు రాలేదు. కళ్ళు తెరిస్తే అందరూ నన్నే చూస్తున్నారు. మా ఆయన కాళ్ళ వేళ్ళు చూసుకుంటున్నాడు.

"ఎందుకు పట్టుకున్నవ్?" అంది నాయనమ్మ.

ఇంక దాచడానికి ఏముంది? మా దగ్గర మధ్యాహ్నం సైరన్ మోగుతుందని, తర్వాత ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అవుతుందని చెప్పాను. ఆ అదురుకు గిన్నెలు కింద పడతాయి, అందుకే మా క్వార్టర్ల వరుసలో ఆడవాళ్ళందరం ఏ పనిలో ఉన్నా లేచి షెల్ఫు పట్టుకుంటాం. గోడలో పగులుంది, దాని మీద దేవుడి క్యాలెండర్ వేలాడదీశాం. ఊరు గుంతలోకి పోయిందని, క్వార్టర్ మాది కాదని, ప్లాటులో తుమ్మలున్నాయని చెప్పాను. ఆఖరున ఎవరికీ చెప్పని మాట కూడా చెప్పాను. మా ఊరి మట్టిని తీసిపోసిన డంపర్లలో మా శ్రీకాంత్‌ది కూడా ఒకటి. ఆ వారం వాడు ఇంట్లో ఎవరి ముఖమూ చూడలేదు.

మౌమిత చేతిలో ఎంగిలి పళ్ళెం అలాగే ఉంది. నాయనమ్మ కర్ర పట్టుకుని లేచి పెరట్లోకి పోయింది.

"అయిపాయె," అన్నాడు మా ఆయన. "షెల్ఫు వాళ్ళది, గిన్నెలు వాళ్ళయి. నీకెందుకే?"

"నా చేతులు నన్నడిగి లేచినయా?" అన్నాను.

అరటి, కొబ్బరి

పొద్దుగూకే లోపు ఆమే నన్ను పెరట్లోకి పిలిచింది. ఆకాశమంత కొబ్బరి చెట్లు వరుసగా ఉన్నాయి. ఒక మొదలుకు ఆనుకుని కూర్చుని మాట్లాడింది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"మా ఊరు నది ఒడ్డున ఉండె. మా తాత పుట్టినప్పుడు అది ఇంగ్లీషోళ్ళది. నేను పుట్టినప్పుడు పాకిస్తాన్. ఇప్పుడు బంగ్లాదేశ్. ఊరు ఉన్నకాడనే ఉన్నది, దేశాలే వచ్చినయ్, పోయినయ్. ఎక్కడో దూరాన ఏదో అయిందని మా గల్లీల ఇండ్లు కాలవెట్టిన్రు. అంతకు ముందు దినం ఊరి పెద్దమనిషి వచ్చి మా నాయినతోని ఏమన్నడో తెలుసా? ఏం ఫికర్ లేదన్నడు."

ఆమె నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను.

"మా అమ్మ పొయ్యి మీది అన్నం కుండ ఎత్తుకుని ఉరికింది. సగం ఉడికిన బియ్యం. ఇప్పటికి గూడ పెద్ద చప్పుడైతే నా చెయ్యి పొయ్యి మీదికే పోతది."

దేశం దాటాక గుడారాల్లో ఉన్నారట. తర్వాత రైలెక్కించారు, ఎటు పోతుందో చెప్పలేదు. దిగితే ఈ అడవి. సర్కారు భూమి ఇచ్చింది, చెట్లు కొట్టుకుని సాగు చేసుకున్నారు. కానీ వాళ్ళ నాన్న అరటి పిలకలే నాటేవాడు, కొబ్బరి నాటేవాడు కాదు. అరటి ఏడాదికి కాస్తుంది, కొబ్బరికి ఏళ్ళు పడుతుంది. 'మళ్ళీ పోయేటోళ్ళం, కొబ్బరి ఎవరికి?' అనేవాడట. తర్వాత పెద్ద యుద్ధమైంది. వాళ్ళు వదిలి వచ్చిన దేశమే విరిగి కొత్త దేశం పుట్టింది. ఊళ్ళో అందరూ రేడియో చుట్టూ మూగితే, ఆయన సంతకు పోయి కొబ్బరి మొక్కలు కొనుక్కొచ్చి ఈ పెరట్లో నాటాడు.

"ఎందుకవ్వా? పోయే దారి అప్పుడే కదా తెరుచుకున్నది?"

"నేను గూడ అడిగిన. దేశం అనేది అంత జల్ది పుడితే అంత జల్ది పోతది బిడ్డా, చెట్టే నయం అన్నడు."

నేను ఐదో తరగతిలో దేశం మ్యాపు గీశాను. పెన్సిల్‌తో గీత గీస్తే అయిపోయేది, తప్పు పోతే రబ్బరుతో చెరిపేదాన్ని. ఆ గీతల కింద ఇంతమంది అన్నం కుండలు ఎత్తుకుని ఉరుకుతారని పంతులు చెప్పలేదు. మా మామగారు నిజాం రాజ్యంలో పుట్టాడు. తర్వాత రాష్ట్రాల పేర్లు మారుతూ పోయాయి, ఊరు మాత్రం కదల్లేదు. చివరికి పేర్లన్నీ సర్దుకున్నాక ఊరే కదిలిపోయింది. ఈ మాట ఆమెకు చెబితే నా భుజం మీద చెయ్యి వేసింది. మెత్తని చెయ్యి కాదు, నాట్లు వేసిన చెయ్యి.

"నీ మొగడు మూడుసార్లు ఏం ఫికర్ లేదన్నడు. అప్పుడే ఒద్దనుకున్న. నువ్వు షెల్ఫు పట్టుకున్నవ్. ఇప్పుడు ఏమనాల్నో తెలుస్తలేదు. రేపు మీతోని నేను వస్త. ఆ జాగ చూస్త."

తిరుగు రైలు

సుబల్ వద్దన్నాడు, పూర్ణిమ వద్దన్నది. ముసలామె అప్పటికే చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడింది. మౌమిత సెలవు పొడిగించుకుని తోడు వచ్చింది. రైల్లో కిటికీ పక్కన కూర్చున్న నాయనమ్మ స్టేషన్ వచ్చినప్పుడల్లా ఊరి పేరు అడిగింది. చిన్నప్పుడు రైలెక్కినప్పుడు ఏ ఊరు పేరూ ఎవరూ చెప్పలేదట.

గోదావరి దాటుతుంటే చాలాసేపు చూసింది. "మా నది ఇంకా పెద్దది," అంది. మా ఆయనకు రోషం వచ్చింది.

"వానకాలం రా అవ్వా, చూపెడ్త."

"నది చూపెట్టుడు తర్వాత, ముందు జాగ చూపెట్టు."

రామగుండం దగ్గర పడ్డాక మట్టి గుట్టలు కనిపించాయి. అవి గుట్టలా అని అడిగింది. గనిలోంచి తీసిపోసిన మట్టి అని మౌమిత చెప్పింది. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూనే ఉన్నాను, సర్దాల్సిన అవసరం లేకపోయినా.

ప్లాటు

క్వార్టర్‌లో ఇంత పప్పన్నం తిని, ఎండలోనే ఆటోలో కాలనీకి పోయాం. డ్యూటీలో ఉన్న శ్రీకాంత్ పదేపదే ఫోన్ చేస్తుంటే మౌమిత కట్ చేస్తోంది.

మా ప్లాటుకు అటు ఒకటి, ఇటు ఒకటి సగం కట్టిన ఇళ్ళు. నడుమ మా తుమ్మలు. నాయనమ్మ కర్రతో కంప పక్కకు జరిపి, లోపలికి పోయి, నేల మీద చతికిలబడింది. చీర పాడవుతుందని నేను కొంగు పరచబోతే వద్దంది. కుడి అరచెయ్యి మట్టికి ఆనించింది.

"ఎప్పుడు మోగుతది?"

"ఇగ మోగుతది," అన్నాను.

సైరన్ మోగింది. పక్క ఇంట్లో ఎవరో పరుగెత్తిన చప్పుడు, షెల్ఫు దగ్గరికే అయి ఉంటుంది. నా చేతులు లేచాయి, పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. తర్వాత నేల లోపల ఎవరో పడుకున్న మనిషి ఒక్కసారి పక్కకు ఒత్తిగిలినట్టు అయింది. తుమ్మ ఆకులు వణికాయి. గని వైపు దుమ్ము లేచింది.

ముసలామె చెయ్యి తియ్యలేదు. తల ఎత్తి మా ఆయనను చూసింది.

"కదిలిందా?"

నేను ఓదెలు నోటి వైపే చూశాను. ఆ నోట్లో ఏ మాట సిద్ధంగా ఉంటుందో ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకు తెలుసు. ఆయన పెదవులు కదిలి, ఆగాయి. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కదిలిందవ్వా," అన్నాడు. "దినాం కదులుతది. నేను రిటైరైనంక గూడ కదులుతది. ఆ గని ఇంకెంత దూరం వస్తదో నాకు తెల్వది."

"భయమైతదా?"

"అయితది. అందుకే ఇన్ని దినాలు ఈడ ఒక రాయి గూడ పెట్టలే."

ఆమె అరచేతికి అంటిన మట్టి దులుపుకుంది. మౌమిత చెయ్యి ఆసరా తీసుకుని మెల్లగా లేచింది. కర్రతో నేల మీద రెండుసార్లు పొడిచి చూసింది.

"మరి పునాది లోతుకు తియ్యి," అంది. "పిల్ల ఉండాలె కదా."

మా ఆయనకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఎంత లోతు తియ్యమంటవవ్వా?"

"పుట్టి బుద్ధెరిగినకాణ్ణుంచి గనిలనే ఉంటివి. ఎంత లోతని ముసలిదాన్ని అడుగుతవా?"